కార్పొరేట్ జెట్ నుంచి కార్గో ఎయిర్‌లైన్‌కు: 41 ఏళ్ల కెప్టెన్ వేసుకోవలసిన లెక్కలు

మీరు రాసిన వివరాల ప్రకారం మీ వయసు 41. డాలస్ దగ్గర ఒక ప్రైవేటు కంపెనీకి చాలెంజర్ 350 అనే బిజినెస్ జెట్ నడుపుతున్నారు. మొత్తం అనుభవం 4,800 గంటలు, అందులో సగానికి పైగా జెట్ కెప్టెన్‌గా గడిచినవి. మీ శ్రీమతిగారికి ఇర్వింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పిల్లలిద్దరూ బడికి వెళ్లే వయసు, మీకు అమెరికా పౌరసత్వం ఉంది. ఫెడెక్స్ గానీ యూపీఎస్ గానీ మీలాంటివారిని తీసుకుంటాయా, తీసుకుంటే ఇప్పుడున్న ఉద్యోగాన్ని వదులుకోవడం సరైన పనేనా అని అడిగారు. నేనూ దశాబ్దానికి పైగా కార్పొరేట్ విమానాలు నడిపి, ఆ తరువాత ఒక పెద్ద కార్గో సంస్థలో చేరి, ప్రస్తుతం 767 కెప్టెన్‌గా ఉన్నాను కనుక తెలిసినంతలో సూటిగా చెబుతాను. మొదటి ప్రశ్నకు సమాధానం అవును, తీసుకుంటాయి. రెండో ప్రశ్నకు సమాధానం మాత్రం జీతం కంటే మీ నిద్ర మీద, పదవీ విరమణకు మీకు మిగిలిన 24 ఏళ్ల మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

కార్పొరేట్ పైలట్లలో చాలామందికి తమ అనుభవం పెద్ద ఎయిర్‌లైన్ల దృష్టిలో తక్కువరకమైనదేమో అన్న అనుమానం ఉంటుంది. చరిత్ర చూస్తే ఆ అనుమానానికి ఆధారం లేదు. ఫెడెక్స్ 1973 ఏప్రిల్ 17న మెంఫిస్ నుంచి కార్యకలాపాలు మొదలుపెట్టినప్పుడు వాడినవి 14 ఫాల్కన్ 20 విమానాలు; అవి దస్సో కంపెనీ వ్యాపారవేత్తల కోసం తయారుచేసిన జెట్లు. ఆ కాలపు నిబంధనల ప్రకారం ఎయిర్ ట్యాక్సీ హోదాలో పనిచేసే సంస్థ 7,500 పౌండ్లకు మించి సరుకు మోసే విమానాన్ని నడపకూడదు. అందుకే చిన్న జెట్లకు తలుపులు వెడల్పు చేయించి సరుకు ఎక్కించారు. 1977లో సరుకు విమాన రవాణాపై నియంత్రణలు తొలగించిన తరువాతే ఆ సంస్థ 727ల వంటి పెద్ద విమానాలకు మారగలిగింది. యూపీఎస్ అయితే 1988 దాకా ఇతర సంస్థల చేత విమానాలు నడిపించుకుని, ఆ ఏడాది సొంత ఎయిర్‌లైన్‌ను ప్రారంభించింది. ఈ రెండు చోట్లా సైన్యం నుంచి వచ్చినవారు, ముఖ్యంగా సీ-17 వంటి రవాణా విమానాలు నడిపినవారు, ఎప్పుడూ గణనీయంగా ఉంటారు. మీ పోటీ వారితోనూ, రీజనల్ ఎయిర్‌లైన్ కెప్టెన్లతోనూ. ఆ పోటీలో మీరు వెనకబడితే అందుకు కారణం విమానం నడపడంలో లోపం కాదు, మీ అనుభవాన్ని నమోదు చేసిన తీరులో లోపం. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

ముందుగా ఈ రెండు వృత్తుల మధ్య ఉన్న అసలైన తేడాను గుర్తించాలి. కార్పొరేట్‌లో మీ విలువ మీ మీద యజమానికి ఉన్న నమ్మకంలో ఉంటుంది. మీరు జాగ్రత్తపరులని, మాట బయటికి పోనివ్వరని, న్యూయార్క్ దగ్గరి టెటర్‌బరో విమానాశ్రయంలో మంచు పడుతున్నా ముందుచూపుతో ఏర్పాట్లు చేస్తారని ఆయనకు తెలుసు కనుక మీకు విలువ. కానీ ఆ నమ్మకాన్ని మరో చోటికి మోసుకుపోలేరు. కంపెనీ అమ్ముడైనా, కొత్త ఆర్థికాధికారి వచ్చి విమానం ఖర్చు చూసి కనుబొమలు ఎగరేసినా, మీరు ఏ తప్పూ చేయకుండానే ఉద్యోగం పోతుంది. 2008 నవంబరులో డెట్రాయిట్ కార్ల కంపెనీల అధిపతులు ప్రభుత్వ సహాయం అడగడానికి సొంత జెట్లలో వాషింగ్టన్ వెళ్లి కాంగ్రెస్ సభ్యుల చేత చీవాట్లు తిన్నారు. ఆ తరువాత జనరల్ మోటార్స్, ఫోర్డ్ తమ విమానాలను వదిలించుకున్నాయి. వాటిని నడిపినవారి పనితనం గురించి ఎవరూ ఒక్క మాట కూడా అడగలేదు.

కార్గో ఎయిర్‌లైన్‌లో మీ విలువ సీనియారిటీ సంఖ్యలో ఉంటుంది. చేరిన తేదీని బట్టి ఆ సంఖ్య వస్తుంది. ఏ విమానం, ఏ బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు), ఏ ట్రిప్పులు, ఏ వారం సెలవు, ఎప్పుడు కెప్టెన్ అన్నవన్నీ దాని ప్రకారమే నిర్ణయమవుతాయి. మీకంటే పదిహేనేళ్లు చిన్నవాడు, మీకంటే మూడు వేల గంటలు తక్కువ నడిపినవాడు మీకంటే ఒక నెల ముందు చేరితే, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అతడే మీకంటే ముందుంటాడు. ఇది న్యాయమా కాదా అన్న చర్చకు ఇక్కడ చోటు లేదు. కార్పొరేట్ నుంచి వచ్చినవారిలో కొందరికి ఇది చివరిదాకా మింగుడుపడదు. తమ నైపుణ్యానికి ప్రత్యేకమైన గుర్తింపు ఉండాలని ఎదురుచూస్తూ ఉంటారు. మరికొందరికి ఇదే పెద్ద ఊరట. ఎవరినీ మెప్పించనక్కరలేదు, మీ పని మీరు ప్రమాణానికి తగ్గట్టు చేసి ఇంటికి వెళితే చాలు. మీరు ఈ రెండు రకాల్లో ఎవరో నిజాయితీగా తేల్చుకోండి.

ఇక వయసు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నియమాల్లో పార్ట్ 121 (ఎయిర్‌లైన్లకు వర్తించే భాగం) కింద నడిచే సంస్థల్లో 65 నిండిన పైలట్ ఎగరడానికి వీల్లేదు. 2007 డిసెంబరులో చేసిన చట్టం 60గా ఉన్న పరిమితిని 65 చేసింది. సొంత కంపెనీ విమానం నడిపేవారికి ఆ పరిమితి వర్తించదు. కాబట్టి 41లో చేరితే మీకు 24 ఏళ్లు ఉంటాయి. మొదటి కొన్నేళ్లు ఫస్ట్ ఆఫీసర్‌గా, అందులోనూ తొలి దశ రిజర్వ్‌లో (పిలిస్తే వెళ్లేలా సిద్ధంగా ఉండే డ్యూటీలో) గడిచిపోయినా, పై మెట్టు మీద గడపడానికి తగినంత కాలం మిగులుతుంది. ఇదే ప్రశ్న 53 ఏళ్ల వ్యక్తి, మంచి కంపెనీలో స్థిరపడినవారు, నన్ను అడిగితే కదలవద్దనే చెబుతాను. జీతం విషయంలో రెండు సంస్థల పద్ధతులు వేరు. యూపీఎస్‌లో ఏ విమానం నడిపినా కెప్టెన్లందరికీ ఒకటే రేటు పట్టిక. ఫెడెక్స్‌లో 757కు ఒక రేటు, వెడల్పాటి విమానాలకు అంతకంటే పెద్ద రేటు. పై మెట్లలో కెప్టెన్ రేటు గంటకు 300 డాలర్లు దాటుతుంది. అయితే చేరిన మొదటి ఏడాది జీతం, బాగా చెల్లించే కంపెనీలో చాలెంజర్ కెప్టెన్‌గా మీరు తీసుకుంటున్న దానికంటే తగ్గడం దాదాపు ఖాయం. ప్రొబేషన్ ఏడాదిలో యూనియన్ రక్షణ కూడా పరిమితంగానే ఉంటుంది. ఇంటి అప్పు, పిల్లల ఖర్చు కలిపి కనీసం ఒక ఏడాదిన్నరకు సరిపడే పొదుపు చేతిలో లేకుండా ఈ అడుగు వేయకండి.

కార్గో అంటే ఎప్పటికీ ఢోకా లేని రంగమన్న అభిప్రాయం కోవిడ్ కాలంలో బాగా పాతుకుపోయింది. ప్రయాణికుల విమానాలు నేల మీద నిలిచిపోయినప్పుడు సరుకు విమానాలు ఊపిరాడకుండా తిరిగాయి. అప్పుడు చేరినవారు తమను మించిన అదృష్టవంతులు లేరనుకున్నారు. ఆ ఊపు తగ్గాక 2023 చివర్లో ఫెడెక్స్ తన పైలట్లకు, కావాలంటే పీఎస్ఏ అనే రీజనల్ ఎయిర్‌లైన్‌లో అవకాశాలు చూసుకోవచ్చని తెలియజేసిందంటే పరిస్థితి ఎలా మారిందో ఊహించవచ్చు. అదే ఏడాది యూపీఎస్ తన పైలట్లలో కొందరికి స్వచ్ఛంద పదవీ విరమణ పథకం ప్రకటించింది. 2024 సెప్టెంబరు చివరితో తపాలా శాఖ సరుకు ఫెడెక్స్ చేతిలోంచి యూపీఎస్ చేతికి వెళ్లింది. 2025 జనవరిలో యూపీఎస్, తాను మోసే అమెజాన్ సరుకును 2026 రెండో అర్ధభాగానికల్లా సగానికి పైగా తగ్గించుకుంటానని చెప్పింది. 2025 నవంబరు 4న లూయీవిల్‌లో యూపీఎస్ ఎండీ-11 సరుకు విమానం టేకాఫ్‌లోనే కూలిపోయి ముగ్గురు సిబ్బందితో పాటు నేల మీద ఉన్నవారు కూడా చనిపోయిన తరువాత, రెండు సంస్థలూ తమ ఎండీ-11లను నిలిపివేశాయి. విమానాలు తగ్గితే వాటి పైలట్లు ఇతర విమానాలకు వస్తారు. అంతమేరకు కొత్తవారికి తలుపు ఇరుకవుతుంది. వెనక్కి చూస్తే, మాంద్యం తరువాత 2010లో యూపీఎస్ నూరుమందికి పైగా పైలట్లను తాత్కాలికంగా ఇంటికి పంపింది. ఫెడెక్స్ అలా పంపకుండా 2009లో పైలట్లకు హామీ ఇచ్చిన కనీస గంటలను తగ్గించింది. ఒప్పందాల విషయమూ అంతే. ఫెడెక్స్ పైలట్లు 2023 జులైలో తాత్కాలిక ఒప్పందాన్ని ఓటింగ్‌లో తిరస్కరించారు. అదే కాలంలో డెల్టా వంటి ప్రయాణికుల ఎయిర్‌లైన్లు పెద్ద పెంపుదలలు ఇచ్చి ముందుకు వెళ్లిపోయాయి. అందువల్ల ఈ రెండు సంస్థలకే దరఖాస్తు చేసి కూర్చోవడాన్ని నేను సమర్థించను. డాలస్‌లో ఉంటున్న మీరు అమెరికన్, సౌత్‌వెస్ట్‌లను పక్కన పెట్టి కార్గోనే ఎందుకు కోరుకుంటున్నారో ముందు మీకు స్పష్టంగా ఉండాలి.

ఆ స్పష్టత రావాలంటే రాత్రి పని గురించి మాట్లాడుకోవాలి. ఇక్కడ మొహమాటపడితే మీకు మేలు చేసినవాడిని కాను. దేశీయ ఎక్స్‌ప్రెస్ సరుకు ప్రపంచం అర్ధరాత్రి చుట్టూ తిరుగుతుంది. సాయంత్రం పొద్దుపోయాక ఊళ్ల నుంచి బయలుదేరిన విమానాలు రాత్రి పదిన్నర, పన్నెండున్నర మధ్య ఈ సంస్థల ప్రధాన కేంద్రాలైన (హబ్‌లైన) మెంఫిస్‌కో లూయీవిల్‌కో చేరతాయి. రెండు మూడు గంటల పాటు పెట్టెలు వేరుచేసి, మళ్లీ ఎక్కించి, తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య తిరిగి పంపుతారు. ఆ మధ్య వ్యవధిలో పైలట్లు హబ్‌లోని నిద్ర గదుల్లో గంటో గంటన్నరో పడుకుంటారు. లేచి, కాఫీ తాగి, శరీరం గాఢనిద్ర కోరుకునే రెండు, ఆరు గంటల నడుమ మళ్లీ గాల్లోకి లేవాలి. పొద్దున ఏడింటికి ఏ స్పోకేన్‌లోనో హోటల్ గదిలో కర్టెన్లు బిగించి పడుకుంటే, పదకొండింటికి పనివాళ్లు పక్కగది తలుపు కొడతారు. ఇది వారానికి నాలుగైదు రాత్రులు, అలాంటి వారాలు నెలకు రెండు ఉండవచ్చు. సీనియారిటీ పెరిగేకొద్దీ పగటి హబ్ ట్రిప్పులు, అంతర్జాతీయ ట్రిప్పులు దొరుకుతాయి; కొత్తవారికి మిగిలేది ప్రధానంగా రాత్రే.

మీరు ఇప్పుడు పార్ట్ 91 (ప్రైవేటు విమానాలకు వర్తించే భాగం) కింద నడుపుతున్నారు. దానిలో డ్యూటీ సమయానికి చట్టపరమైన పరిమితి అసలు లేదు. కాబట్టి పెద్ద ఎయిర్‌లైన్‌కు వెళితే నిబంధనలు కాపాడతాయని అనుకోవడం సహజం. ప్రయాణికుల ఎయిర్‌లైన్లకు అది నిజం. 2014 జనవరి 4 నుంచి అమల్లోకి వచ్చిన పార్ట్ 117 వారికి విశ్రాంతిని పెంచి, డ్యూటీ సమయాన్ని రాత్రి వేళలను బట్టి కుదించింది. సరుకు విమానాలను మాత్రం ఖర్చు కారణంగా అందులోంచి మినహాయించారు. కోరుకున్న సంస్థ ఆ నియమాలను పాటించవచ్చు, పాటించి తీరాలన్న నిర్బంధం లేదు. సరుకు విమానాలకు ఇంకా వర్తించే పాత సప్లిమెంటల్ నియమాల ప్రకారం ఇద్దరు పైలట్ల సిబ్బంది 24 గంటల్లో 16 గంటల వరకు డ్యూటీలో ఉండవచ్చు. పార్ట్ 117 అమల్లోకి రావడానికి కొన్ని నెలల ముందే, 2013 ఆగస్టు 14 తెల్లవారకముందు, అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో యూపీఎస్ 1354 రన్‌వేకు ముందే నేలను తాకి పైలట్లిద్దరూ చనిపోయారు. అస్థిరమైన అప్రోచ్‌ను (దిగేందుకు రన్‌వే వైపు రావడాన్ని) కొనసాగించడం ప్రధాన కారణమని, సిబ్బంది అలసట దానికి తోడైందని దర్యాప్తు సంస్థ తేల్చింది. యూపీఎస్ పైలట్ల యూనియన్ అయిన ఇండిపెండెంట్ పైలట్స్ అసోసియేషన్ ఈ మినహాయింపుకు వ్యతిరేకంగా అప్పటి నుంచీ పోరాడుతూనే ఉంది. పెద్ద సంస్థల్లో యూనియన్ ఒప్పందాలు ప్రభుత్వ నియమాల కంటే కఠినంగా ఉండటం వల్ల వాస్తవ పరిస్థితి చట్టంలో కనిపించినంత దారుణంగా ఉండదు. అయినా మీ ఒంటి తత్వం మీకు తెలియాలి. పగలు నిద్ర పట్టనివారు, ఏ మాత్రం నిద్ర తగ్గినా తలనొప్పితో రోజంతా బాధపడేవారు, రక్తపోటు గీత దగ్గరే ఉన్నవారు ఈ పని జోలికి రాకపోవడం మంచిది. 40 దాటాక ఫస్ట్ క్లాస్ మెడికల్ అనే ఆరోగ్య ధ్రువపత్రాన్ని ప్రతి ఆరు నెలలకూ పునరుద్ధరించుకోవాలి. జీవనాధారం అంతా ఆ ఒక్క కాగితం మీద నిలబడి ఉంటుంది.

ఈ కష్టానికి బదులుగా మీకు వచ్చేది క్యాలెండర్. రేపు పొద్దున ఆస్పెన్ వెళ్లాలంటూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ రాదు. వచ్చే నెలలో ఏ రోజులు ఇంట్లో ఉంటారో ముందే తెలుస్తుంది, లైన్ (నెల మొత్తానికి ఖరారైన షెడ్యూల్) దొరికిన తరువాత ఆ రోజుల్లో మీ ఫోన్ మీ సొంతం. కేటరింగ్ పెట్టెలు మోయడం, యజమాని కుక్క వెంట్రుకలు సీట్ల మీది నుంచి తీయడం, టాయిలెట్ సర్వీస్ అయిందో లేదో చూసుకోవడం ఉండవు. పండుగల సంగతి మాత్రం మన ఇళ్లలో ముందే చెప్పాలి. థ్యాంక్స్‌గివింగ్ నుంచి క్రిస్మస్ దాకా కార్గోకు అసలైన సీజన్. ఆ వారాల్లో కొత్తవారికి సెలవు ఆశించవద్దు, దీపావళి కూడా ఆ హడావిడి మొదలయ్యే సమయానికే వస్తుంది. జనవరి, ఫిబ్రవరి మాత్రం మందకొడి నెలలు. సంక్రాంతికి గుంటూరో రాజమండ్రో వెళ్లి తల్లిదండ్రులను చూసి రావాలనుకునేవారికి ఈ రంగంలో ఆ వీలు నిజంగానే ఎక్కువ. అయితే ప్రయాణికుల ఎయిర్‌లైన్ ఉద్యోగులకు ఉన్నట్టుగా కుటుంబం మొత్తానికి సొంత సంస్థ విమానాల్లో ఉచిత ప్రయాణం ఉండదు. పిల్లలతో ఇండియాకు వెళ్లాలంటే టికెట్లు మీరే కొనుక్కోవాలి.

మీరు డాలస్‌లోనే ఉండిపోవచ్చు. ఫెడెక్స్‌కు ఫోర్ట్‌వర్త్ అలయన్స్ విమానాశ్రయంలో ప్రాంతీయ హబ్ ఉంది, యూపీఎస్‌కు డీఎఫ్‌డబ్ల్యూలో ఉంది. సొంత సంస్థ విమానంలో జంప్‌సీట్ (సిబ్బందికి ఉండే అదనపు సీటు) మీద బేస్‌కు వెళ్లడం ఇక్కడివారికి తేలిక. యూపీఎస్ బేస్‌లు లూయీవిల్, యాంకరేజ్, మయామీ, కాలిఫోర్నియాలోని ఒంటారియో. రిజర్వ్‌లో ఉన్నన్నాళ్లూ బేస్ ఊళ్లో నలుగురితో కలిసి ఒక గది అద్దెకు తీసుకోవలసి రావచ్చు. 41 ఏళ్ల వయసులో బంకు మంచం మీద పడుకోవడం మీకు నామోషీగా అనిపిస్తే, అది కూడా లెక్కలో వేసుకోండి. శ్రీమతిగారి ఉద్యోగం కదిలించకుండా ఉంచగలగడం మీ కుటుంబానికి మొదటి రెండేళ్లలో అతి పెద్ద ఆర్థిక బలం అవుతుంది.

ఇప్పుడు లాగ్‌బుక్ సంగతికి వస్తాను, కార్పొరేట్ అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఎఫ్ఏఏ నియమం 61.51 ప్రకారం, ఆ విమానానికి రేటింగ్ (దాన్ని నడిపే అర్హత) ఉన్న పైలట్ ఒంటరిగా కంట్రోల్స్ పట్టుకుని నడిపిన సమయాన్ని పైలట్-ఇన్-కమాండ్ సమయంగా రాసుకోవచ్చు. మీ విభాగంలో ఇద్దరూ టైప్ రేటింగ్ ఉన్న కెప్టెన్లే అయి, ఒక ప్రయాణంలో మీరు, మరో ప్రయాణంలో ఆయన ఎడమ సీట్లో కూర్చుంటూ వచ్చి ఉంటే, ఆ నియమం ప్రకారం రాసుకున్న గంటలన్నీ చట్టబద్ధమే. కానీ పెద్ద ఎయిర్‌లైన్ అడిగేది వేరు. ఆ విమానానికి, ఆ ప్రయాణానికి బాధ్యత వహిస్తూ సంతకం చేసినవారు ఎవరు అన్నదే వారికి కావాలి. ఎడమ సీట్లో కూర్చున్న సమయం, కంట్రోల్స్ పట్టుకున్న సమయం, కెప్టెన్‌గా నియమితులైన సమయం మూడూ వేరువేరు విషయాలు; మూడింటినీ కలిపేసి ఒకే గడిలో రాసిన అభ్యర్థి అబద్ధం చెప్పకపోయినా అబద్ధం చెప్పినట్టు కనిపిస్తాడు. ఇంటర్వ్యూ గదిలో ఆ అనుమానం ఒకసారి మొదలైతే మిగతా గంటసేపు మీరు ఏం చెప్పినా దాని నీడలోనే వింటారు.

అందుకు చేయవలసినది ఓపికతో కూడిన గుమస్తా పని. మీ కంపెనీ షెడ్యూలింగ్ రికార్డులు, ట్రిప్ షీట్లు అందుబాటులో ఉన్నప్పుడే తీసి, ప్రతి ప్రయాణానికీ నియమిత కెప్టెన్ ఎవరో సరిచూసుకుని, ఆ సమయానికి ప్రత్యేక గడి పెట్టండి. ఎవరు కెప్టెన్ అన్నది రాతపూర్వకంగా లేని విభాగం అయితే, ఇప్పటి నుంచైనా ప్రతి ప్రయాణానికి ముందు రాసిపెట్టే పద్ధతిని చీఫ్ పైలట్‌తో మాట్లాడి మొదలుపెట్టించండి. సందేహం ఉన్న గంటలను తక్కువవైపే లెక్కించండి. విభాగం మూతపడిన తరువాత ఈ కాగితాలు ఎవరి దగ్గరా దొరకవు. విమానాన్ని కొన్నవారికి మెయింటెనెన్స్ లాగ్‌లు వెళతాయి గానీ మీ ట్రిప్ షీట్లు వెళ్లవు. దీనితో పాటు ఎఫ్ఏఏ పైలట్ రికార్డ్స్ డేటాబేస్‌లో మీ పేరు మీద ఏముందో దరఖాస్తుకు ముందే చూసుకోండి. ఎప్పుడో ప్రైవేటు పైలట్ రోజుల్లో ఒక చెక్‌రైడ్ (విమానంలో జరిగే అర్హత పరీక్ష) తప్పి ఉంటే దాన్ని దాచకండి. తప్పినందుకు తిరస్కరించరు, దాచినందుకు తిరస్కరిస్తారు.

గంటల సంఖ్య విషయంలో మరొక చిక్కుంది. కార్పొరేట్‌లో ఏడాదికి 300 నుంచి 400 గంటలు నడిపితే అది సాధారణం. అదే కాలంలో రీజనల్ కెప్టెన్ రెట్టింపు నడిపి, దానికి రెండింతల ల్యాండింగ్‌లు చేసి ఉంటాడు. మీ వైపున ఉన్న బలం వేరు: అట్లాంటిక్ దాటడం, విదేశీ అనుమతులు తెచ్చుకోవడం, ఎన్నడూ చూడని పర్వత విమానాశ్రయంలో దిగడం, డిస్పాచర్ (నేల మీది నుంచి ప్రయాణాన్ని సిద్ధం చేసే ఉద్యోగి) లేకుండా ఇంధనం, వాతావరణం, ప్రత్యామ్నాయం అన్నీ సొంతంగా తేల్చుకోవడం. దరఖాస్తులో వీటిని స్పష్టంగా రాయండి. అదే సమయంలో, పార్ట్ 121లో డిస్పాచర్ కెప్టెన్‌తో సమానంగా బాధ్యత పంచుకుంటాడని, మీరు ఇకపై అన్నీ ఒంటి చేత్తో తేల్చేవారు కారని మీకు అర్థమైనట్టు ఇంటర్వ్యూలో కనిపించాలి.

ఇంటర్వ్యూ చేసేవారి మనసులో కార్పొరేట్ అభ్యర్థి గురించి ఉండే అసలు భయం క్రమశిక్షణకు సంబంధించినది. 2014 మే 31న మసాచుసెట్స్‌లోని బెడ్‌ఫర్డ్‌లో ఒక గల్ఫ్‌స్ట్రీమ్ జీ-4 జెట్ గస్ట్ లాక్ (నేల మీద ఉన్నప్పుడు గాలికి కంట్రోల్స్ కదలకుండా బిగించే తాళం) తీయకుండానే టేకాఫ్‌కు ప్రయత్నించి రన్‌వే దాటి వెళ్లి కాలిపోయింది. విమానంలో ఉన్న ఏడుగురూ చనిపోయారు. దర్యాప్తులో రికార్డర్ పరిశీలిస్తే, అంతకు ముందరి 175 టేకాఫ్‌లలో ఆ సిబ్బంది కంట్రోల్స్ తనిఖీని పూర్తిగా చేసినవి రెండే. ఏళ్ల తరబడి కలిసి ఎగిరిన అనుభవజ్ఞులైన ఇద్దరు, ఒకరినొకరు ప్రశ్నించుకోవడం మానేశారు. ఎయిర్‌లైన్‌లో మీరు ఎన్నడూ చూడని వ్యక్తి పక్కన కూర్చుని, పరిచయమైన అరగంటకు విమానం నడుపుతారు. అది సాధ్యమయ్యేది ఇద్దరూ ఒకే మాటలు, ఒకే క్రమంలో చెప్పడం వల్లనే. శిక్షణలో కార్పొరేట్ వారు ఇబ్బంది పడేదీ ఇక్కడే. సిమ్యులేటర్ కేంద్రంలో మీరు డబ్బు చెల్లించే కస్టమర్. ఇక్కడ మీరు పరీక్షకు వచ్చిన కొత్తవారు. "మా దగ్గర ఇలా చేసేవాళ్లం" అన్న వాక్యాన్ని రెండు మూడు నెలల శిక్షణ కాలమంతా మింగేయండి. కాల్‌అవుట్లను, అంటే కాక్‌పిట్‌లో నిర్ణీత క్రమంలో పలకవలసిన మాటలను, విమానం దొరకకముందే, స్నానాల గదిలోనైనా సరే, నోటికి తెచ్చుకోండి. తాళం పట్టు కుదరనిదే కీర్తన కుదరనట్టు, ఆ మాటలు తడుముకోకుండా వస్తేనే మిగతా పని మీద బుర్ర నిలుస్తుంది.

సరుకు విమానం ప్రత్యేకతలు నేర్చుకోదగినవే, భయపడదగినవి కావు. 40,600 పౌండ్ల చాలెంజర్ నుంచి నాలుగు లక్షల పౌండ్లు దాటే 767కు మారినప్పుడు వేగం తగ్గించడానికి ముందుగా ఆలోచించడం మొదటి పాఠం. రెండోది ప్రమాదకర సరుకు. మెయిన్ డెక్ మీద మంటలు వస్తే చాలా సరుకు విమానాల్లో వాటిని ఆర్పే వాయువు ఉండదు. గాలి సరఫరా ఆపి, విమానంలో పీడనాన్ని తగ్గించి, మంటకు ఆక్సిజన్ అందకుండా చేయడమే మార్గం. 2010 సెప్టెంబరు 3న దుబాయ్‌లో లిథియం బ్యాటరీలు మోస్తున్న యూపీఎస్ 747 మంటల్లో కూలిన తరువాత ఈ విషయంపై శిక్షణ చాలా మారింది. మీ వెనక ఏ పెట్టెలో ఏముందో తెలిపే కాగితాన్ని చదివి సంతకం చేయడం లాంఛనం కాదు.

అట్లాస్, కలిట్టా వంటి ఇతర కార్గో సంస్థల్లో ముందు చేరి, అక్కడి నుంచి పెద్ద సంస్థలకు వెళ్లడం మంచిదా అని కూడా అడిగారు. 747, 777 వంటి పెద్ద విమానం, పార్ట్ 121 శిక్షణ, ప్రపంచమంతా తిరిగిన అనుభవం అక్కడ త్వరగా వస్తాయి, అది నిజమే. కానీ నెలలో సగానికి పైగా రోజులు వరుసగా ఇంటికి దూరంగా గడపాలి. పిల్లలు బడి వయసులో ఉన్న మీకు, ప్రస్తుత ఉద్యోగం స్థిరంగా ఉన్నంతవరకు, ఆ దారిని నేను సూచించను. మీ విమానాన్ని అమ్మకానికి పెట్టారన్న మాట చెవిన పడిన రోజున మాత్రం అది తక్షణం చూడవలసిన తలుపు.

ప్రస్తుతానికి రాజీనామా ఆలోచన పక్కన పెట్టి, దరఖాస్తుకు సిద్ధంగా ఉండే పని మొదలుపెట్టండి: లాగ్‌బుక్ సరిచేయడం, నాలుగేళ్ల డిగ్రీ ధ్రువపత్రాలు తీసిపెట్టుకోవడం, ఇండియాలో చదివిన డిగ్రీ అయితే దానికి అమెరికా సమానత్వ పత్రం తెప్పించుకోవడం, లోపల పనిచేస్తున్న పైలట్లలో మిమ్మల్ని నిజంగా ఎరిగినవారి సిఫారసు సంపాదించడం. దరఖాస్తును నెలకొకసారి తాజా గంటలతో సవరిస్తూ ఉండండి. మీ కంపెనీ మీ టైప్ రేటింగ్ ఖర్చు భరించి శిక్షణ ఒప్పందం రాయించుకుని ఉంటే, దానిలో ఎన్ని నెలలు మిగిలాయో, ముందే వెళితే ఎంత తిరిగి కట్టాలో ఇప్పుడే చదివి చూసుకోండి. ఉద్యోగం ఖాయమైందన్న ఫోన్ వచ్చిన రోజున కాక, శిక్షణ తరగతి తేదీ రాతపూర్వకంగా చేతికి వచ్చాకే యజమానికి చెప్పండి. తరగతులు వాయిదా పడటం, రద్దు కావడం ఈ రంగంలో కొత్త కాదు. చెప్పేటప్పుడు మాత్రం రెండు వారాల గడువుతో సరిపెట్టకండి. ఇద్దరు ముగ్గురు పైలట్లతో నడిచే విభాగంలో మీ స్థానంలోకి మరొకరిని తెచ్చి, చాలెంజర్ శిక్షణకు పంపి, సిద్ధం చేయడానికి రెండు నెలలైనా పడుతుంది. తరగతి తేదీ అంత వ్యవధి ఇస్తే మొత్తం వ్యవధినీ వారికి ఇవ్వండి. ఇవ్వకపోతే, మీ సెలవు రోజుల్లో కాంట్రాక్టు పైలట్‌గా వచ్చి నడపగలిగే వీలు కొత్త సంస్థ నిబంధనల్లో ఉందేమో చూడండి. చాలా ఎయిర్‌లైన్లు బయట డబ్బుకు ఎగరడాన్ని అనుమతించవు కనుక ఆ మాట యజమానికి ఇచ్చే ముందే నిబంధన చదవండి.